తొలికాయ

"తొలికాయ పెట్టినవా?" అని ఊరి నుంచి అడిగింది పెండ్లాం ముత్యవ్వ ఫోన్‌లో. బాగున్నవా అని లేదు, తిన్నవా అని లేదు.

మల్లేశం ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చిక్కం కర్రకు కొత్త వల అల్లుతున్నాడు. తోటలో ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. "గీడ ఎవలకు పెడ్తనే? అరబ్బోల తోట ఇది. మైసమ్మ ఏడున్నదీడ?"

"కట్ట ఉన్నదంటివి గద?"

"కట్టయితే ఉన్నది."

"కట్ట ఉన్నకాడల్ల మైసమ్మ ఉంటది. ఆమెకు పాస్‌పోర్ట్ కావాల్నా? పోయినేడు మన గంగాధరి కొడుకు తొలికాయ పెట్టకనే చెట్టెక్కిండు, నడుమిరిగి మంచంల పడ్డడు. చెట్టెక్కెటోడు పైలంగ ఉండాలె. పెట్టు."

"గిక్కడ గిసొంటియి చేస్తె ఊకోరే..."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ముత్యవ్వతో వాదించి గెలిచినవాడు వాళ్ళ ఊళ్ళో ఇంతవరకూ లేడు, మల్లేశం మొదటివాడు కావాలని కూడా ఎన్నడూ అనుకోలేదు.

పెట్టకపోయినా అడిగేవాళ్ళు లేరు. పెట్టానని అబద్ధం చెప్తే సరిపోయేది. కానీ చెట్టెక్కేది తను కాదు, తనతో పనిచేసే యెమెన్ మనిషి గాలిబ్. అదీ అతన్ని గుంజిన సంగతి. తనే ఎక్కేదుంటే ఏమైతదిలే అనుకునేవాడేమో. పరాయివాడి నడుముతో ఆటలాడటానికి మనసు ఒప్పలేదు.

కుంకుమ లేదు. పోయినసారి ఊరి నుంచి వస్తూ తెచ్చుకున్న పొట్లం విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలైంది. అయితే ఏం, వంటగదిలో పసుపుంది, చెట్ల మొదళ్ళకు పూసే సున్నం డ్రమ్ములో ఉంది. అరచేతిలో రెండూ వేసి నీళ్ళ చుక్క చిలకరించి రుద్దితే క్షణంలో ఎర్రగా అయింది. మామిడికాయల కర్రపెట్టెలకు కట్టే నూలుదారం ఒక మూర తెంపి పసుపులో ముంచాడు. నిమ్మకాయ ఒకటి జేబులో వేసుకుని కట్ట వైపు నడిచాడు.

కట్ట పక్కన ఉన్నదే తోటలో పెద్ద చెట్టు. కిందికొమ్మ నుంచి రంగు తిరిగిన కాయ ఒకటి తొడిమతో సహా తెంపి మొదట్లో పెట్టాడు. నిమ్మకాయ కోసి రెండు చెక్కలకూ ఎరుపు అద్ది చెరొక పక్క ఉంచాడు. దారం మాను చుట్టూ తిప్పి మూడు ముళ్ళు వేశాడు. ముడి ముడికీ పెదాలతో ఒకటే మాట: "తల్లీ, ఎక్కెటోడు పైలం." ముళ్ళ మీద కూడా ఎర్రటి వేలు ఒత్తి, ఎండుటాకులు కాస్త పైకి లాగి కప్పాడు. కప్పానని అనుకున్నాడు, అంతే.

*

ఆ నేల సంగతి తెలియనివాళ్ళకు అది సౌదీ అంటే నమ్మకం కుదరదు. ఇసుక తిన్నెలూ ఒంటెలూ అనుకుంటూ వస్తారు. జీజాన్ దిక్కున తూర్పున కొండలు, కొండల మీద కాఫీ చెట్లు, తేనెపెట్టెలు. కొండ మీద కురిసిన వాన ఎర్రనీళ్ళై వాగులోకి దిగితే మట్టికట్టలు వేసి మడులకు మళ్ళిస్తారు. ఆ తడికి జొన్న, నువ్వు, మామిడి. ఇంకా పడమరకు పోతే ఉప్పు పర్రలు, ఆ తర్వాత సముద్రం, చేపలు. మంగళవారం సంతలో ఇవన్నీ ఒకచోట పడతాయి. భూమి ఇక్కడివాళ్ళది. చాకిరీ మాత్రం దక్షిణాన ఆ కనపడే గుట్టల అవతలి యెమెన్ వాళ్ళది. తాతల నాటి నుంచీ వాళ్ళు మేకలతో వచ్చి, మల్లెపూలతో వచ్చి, ఖాళీ చేతులతో వచ్చి, ఈ మడులు దున్ని, ఈ చెట్లెక్కి, పండగలకు ఇళ్ళకు పోయేవారు. మధ్యలో సరిహద్దు ఉన్నదని మేకలకు ఎట్లాగూ తెలియదు, మనుషులు కూడా తెలియనట్టే నడిచేవారు. కాగితాలున్న మల్లేశం లాంటివాళ్ళు ఈ మధ్య వచ్చినవాళ్ళు.

ఇప్పుడు ఆ గుట్టల దాకా ముళ్ళకంచె వేస్తున్నారు. వారం రోజులుగా తారురోడ్డు మీద గుడ్డ కప్పిన పెద్ద లారీలు దక్షిణానికి పోతున్నాయి. గుడ్డ కింద ఏముందో గొట్టాల ఆకారం చూస్తే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు.

పొద్దెక్కేసరికి గాలిబ్ వచ్చాడు, తల చుట్టూ మల్లెదండ చుట్టుకుని. నలభై దాటిన మనిషి, సన్నగా, మోకాళ్ళ దాకా లుంగీ, బెల్టులో కొడవలి.

"ఈ పూలు మా దేశంలో ఆడవాళ్ళు పెట్టుకుంటారు" అన్నాడు మల్లేశం, ప్రతి రోజూ అనేమాటే. వాళ్ళిద్దరి మధ్యా నడిచేది విరిగిన అరబీ.

"అందుకే మీ మగవాళ్ళ ముఖాలు అంత దిగాలుగా ఉంటాయి" అని గాలిబ్ నవ్వుతూ చెట్టెక్కేశాడు.

పని మొదలైంది. గాలిబ్ పైనుంచి చిక్కం చాపి, తొడిమ జానెడు ఉండేట్టు కోసి, వలలో పడ్డ కాయలను మెల్లగా కిందికి దింపుతాడు. మల్లేశం అందుకుని తొడిమ గిల్లి, కాయను తలకిందులుగా గడ్డి మీద బోర్లిస్తాడు. సొన కాయ మీద పడితే మచ్చ, చేతి మీద పడితే పుండు. సొన కారిపోయాక తుడిచి పెట్టెలో వరస పేర్చాలి. పైనుంచి గాలిబ్ మాట్లాడుతూనే ఉన్నాడు.

"తోట మాలిక్ నిన్న మళ్ళీ మాట ఇచ్చాడు. పంట అయిపోనీ, మీకు పూచీ ఉండే కఫీల్‌గా నేనే సంతకం పెడతాను అన్నాడు. నా భార్య, ఇద్దరు పిల్లలు. ఆ పైగదిలో ఉంటాం. మేకను కూడా తెచ్చుకోమన్నాడు."

"మేకకు కూడా ఇక్కడ ఉండటానికి ఇకామా చేయిస్తాడా?"

"మేకకు కాగితం అక్కర్లేదు. మనిషికే" అన్నాడు గాలిబ్. ఇంకో కాయ కోసి, "మా గుట్ట అవతలి ఊళ్ళో స్కూలు మూసేశారు. తుపాకులవాళ్ళు అందులో ఉంటున్నారు. పంట తొందరగా అయిపోతే బాగుండును, మల్లేశ్" అన్నాడు.

తొందరగా అయ్యేది కాదు. అయినా మల్లేశం అయిపోతుందిలే అన్నాడు.

*

మధ్యాహ్నం నమాజు అయ్యాక అబూ నాసిర్ వచ్చాడు. తోట యజమాని, ఇద్దరికీ మాలిక్. వెంట కర్ర ఊతంతో అతని మేనమామ. తొలికోత చూసి, ఒక కాయ తిని, దీవించి పోవడం ఆ ముసలాయనకు ఆనవాయితీ. పండ్ల లారీ తోలే మస్తాన్ వలీ కూడా పెట్టెలెక్కించడానికి అప్పుడే వచ్చి నిలబడ్డాడు. రాయచోటి మనిషి.

ముసలాయన పెద్దచెట్టు నీడకు నడిచాడు. కర్రతో ఎండుటాకులు అలవాటుగా కదిపాడు. కర్ర ఆగిపోయింది.

ఎర్రగా ఉన్న రెండు నిమ్మచెక్కలు. మానుకు దారం. దారానికి ముళ్ళు. ముళ్ళ మీద ఎరుపు.

"ఊఁ!" అని రెండడుగులు వెనక్కి వేసి ఆయన గట్టిగా దేవుణ్ణి తలుచుకున్నాడు. "నెత్తురు! ముడులేసి నెత్తురు పూశారు. సెహర్! ఎవడో చేతబడి చేశాడు నా మేనల్లుడి చెట్టుకు!"

మల్లేశం ఒకడుగు ముందుకు వేశాడు. నెత్తురెక్కడిది, పసుపూ సున్నమూ, చెట్టెక్కేవాడు పడకుండా కట్టిన దారం అది తాతా అని చెప్పాలి. అరబీలో పసుపుకు మాట తెలుసు, సున్నానికి తెలుసు. మైసమ్మకు మాటేదీ?

"ఎవడు చేశాడు?" అన్నాడు అబూ నాసిర్. గొంతు పెంచలేదు. మస్తాన్ వలీని చూశాడు. మల్లేశాన్ని చూశాడు. ముఖం చూసి, చేతులు చూసి, వేళ్ళ దగ్గర చూపు కాసేపు ఆపాడు. గోళ్ళ సందుల్లో పసుపు అట్లాగే ఉంది. "పోయి చేతులు కడుక్కో. సొన అంటింది" అన్నాడు.

తర్వాత చెట్టు మీదికి తలెత్తి, "దిగు గాలిబ్" అన్నాడు.

గాలిబ్ దిగాడు. దారాన్ని చూశాడు. అర్థం కాలేదన్నట్టు అందరినీ చూశాడు.

"కొండ అవతలివాళ్ళ పని ఇది" అని ముసలాయన కర్ర ఎత్తాడు. "వాళ్ళలో ఉంది ఈ విద్య. నేను చిన్నప్పటి నుంచి వింటున్నా."

"నాకు తెలియదు మామా! అల్లా మీద ఒట్టు, మీ బావగారితో కలిసి ఈ చెట్టుకు అంటు కట్టింది మా నాన్న. నేనెందుకు..."

"లోపలికి నడు" అన్నాడు అబూ నాసిర్. గాలిబ్‌ను పంపుసెట్టు గదిలోకి పంపి బయట గొళ్ళెం పెట్టాడు. అంతా నెమ్మదిగా, లెక్క ప్రకారం చేస్తున్నట్టు. రేపు పొద్దున గస్తీ బండి వస్తుందని చెప్పి మామను నడిపించుకుపోయాడు.

మల్లేశం ఇంకా చేతులు కడుక్కోలేదు.

"ఏందన్నా, నీదేనా ఈ పని?" అన్నాడు మస్తాన్ వలీ, పెట్టె భుజాన పెట్టుకుంటూ, పెదాలు కదపకుండా.

"చెట్టెక్కెటోడు పైలంగుండాలని కట్టిన, భాయ్. గంతే."

"అయ్యో నీ తెలివి తగలెయ్య! మా ఊరి దర్గా కాడ నేనూ కడ్తా దారం. ఈడ కడ్తానా? ఈ దేశంలో దారం కట్టేది, ముడేసేది తమాషా అనుకుంటివా? తల పోయే పనంట, తెల్సా? నోరు మూసుకోని కాయ కొయ్యి."

"మరి ఆయన?"

మస్తాన్ వలీ పెట్టె లారీలో పెట్టి, తాడు బిగించి, తాడును చూస్తూనే అన్నాడు. "ఆయప్పను అవతలికి తోల్తారు. నిన్నయితే ఏం చేస్తారో నాకు తెలీదు. నీకు పెండ్లాం బిడ్డలు లేరా ఏంది?"

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. మస్తాన్ వలీ అంత చెడ్డవాడేం కాదు. పోతూ పోతూ గాలిబ్ కోసం తన రొట్టెల పొట్లం మల్లేశం చేతిలో పెట్టిపోయాడు.

*

పొద్దు గుంకుతుండగా మల్లేశం ఆ రొట్టెలు పట్టుకుని పంపుగది కిటికీ దగ్గరికి పోయాడు. కిటికీకి ఇనుప చువ్వలు. లోపల డీజిల్ వాసన. గాలిబ్ నేల మీద కూర్చుని తల మీద దండలోంచి ఒక్కో పువ్వు తెంపుతున్నాడు.

"నువ్వే కదూ" అన్నాడు, తలెత్తకుండా.

"నేనే."

"పొద్దున నీ చేతికి పసుపురంగు చూశాను. కూర వండావనుకున్నాను. నాకు ఏం కావాలని కట్టావు? చావాలనా?"

"పడకూడదని" అన్నాడు మల్లేశం. ఏడుపొచ్చేసింది. "నువ్వు చెట్టు మీద నుంచి పడకూడదని. మా ఊళ్ళో అట్లా కడతాం. నీ కోసమే, గాలిబ్. మా అమ్మోరి మీద ఒట్టు."

గాలిబ్ తలెత్తి అతన్ని చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మల్లేశం చువ్వల మీది తుప్పు గోకాడు.

"బాగా పని చేసింది మీ అమ్మవారు. నేను పడలేదు" అన్నాడు గాలిబ్. లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. సినిమాల్లో అయితే ఇక్కడ గాలిబ్ మంచివాడై, పోనీలే నువ్వు చల్లగా ఉండు అనాలి. అతను అట్లా అనలేదు. చువ్వల్లోంచి మల్లేశం చొక్కా పట్టుకున్నాడు. "చెప్పు మల్లేశ్. పొద్దున బండి రాకముందే పోయి చెప్పు. నీకు కాగితాలున్నాయి. నీ వెనక ఎంబసీ ఉంది. కొడతారేమో, జైల్లో పెడతారేమో, చివరికి మీ ఇంటికి పంపుతారు. మీ ఊళ్ళో స్కూలుంది, ఇంట్లో దీపముంది. నన్ను పంపితే ఎక్కడికి పోతాను? తుపాకులవాళ్ళు మగవాడు కనపడితే వదలరు. నా పిల్లలు అక్కడే ఉంటారు. చెప్తావా?"

"చెప్తా."

"ఇప్పుడే పో."

"పొద్దున్నే పోతా. ఇప్పుడు ఆ ముసలాయన ఉంటాడు."

అబద్ధం కాదు. ముసలాయన నిజంగానే ఉన్నాడు. కానీ భయానికి ఎప్పుడూ ఒక నిజం తోడు దొరుకుతుంది, మల్లేశానికి అది దొరికింది. గాలిబ్ చొక్కా వదిలేసి రొట్టె అందుకున్నాడు.

*

తెల్లవారుతూనే స్నానం చేశాడు. ఉతికిన చొక్కా తొడిగాడు. ఇకామా కార్డు జేబులో పెట్టుకున్నాడు, తీసేసుకుంటే తీసేసుకోనీ అని. ముత్యవ్వకు ఫోన్ చేద్దామనుకుని చేయలేదు. చేస్తే కాళ్ళు కదలవని భయం. మాలిక్ ఇల్లు తోట చివరే. దారి పొడవునా చెప్పాల్సిన ముక్కను అరబీలో నెమరేసుకున్నాడు. నేను కట్టాను. నేను కట్టాను.

అబూ నాసిర్ అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఒక్కడే ఉన్నాడు, ముందు కాఫీ కూజా, ఖర్జూరాల పళ్ళెం. మల్లేశం గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"మాలిక్, దారం నేను కట్టాను. నిమ్మకాయ నాది. అది నెత్తురు కాదు, పసుపూ సున్నం. గాలిబ్‌కు ఏమీ తెలియదు. నన్ను పట్టించండి."

అనేశాడు! ఒళ్ళంతా తేలికైంది. ఇంక ఏమైనా కానీ అనుకున్నాడు.

అబూ నాసిర్ చిన్న గిన్నెలో కాఫీ వంచి అతని వైపు జరిపాడు.

"తెలుసు" అన్నాడు.

మల్లేశం గిన్నెను చూశాడు, మాలిక్‌ను చూశాడు.

"మా అమ్మను చూసుకున్న ఆయా మీ దేశపుదే. గుమ్మానికి నిమ్మకాయలు కట్టేది. మా అమ్మ నవ్వేది. నీ గోళ్ళు నిన్న చూశాను కదా. కూర్చో."

"మరి గాలిబ్..."

"పైనుంచి మాట వచ్చింది. కాగితం లేని అవతలి మనిషి సరిహద్దు దగ్గరి తోటలో కనపడకూడదు. కనపడితే తోట పోతుంది, నేనూ పోతాను. యుద్ధం వస్తోంది మల్లేశ్, ఇవ్వాళో రేపో." అతను ఒక ఖర్జూరం విప్పి గింజ తీశాడు. "వాడి తండ్రీ మా నాన్నా ఒక పళ్ళెంలో తిన్నారు. మా రక్షణలో ఉన్న మనిషిని తప్పు లేకుండా గుమ్మం దాటించామంటే మంగళవారం సంతలో నాకు సలాం చెప్పేవాడుండడు. ఏ నోటితో పొమ్మనను? పోయిన వారమంతా నిద్ర లేదు నాకు. నీ నిమ్మకాయ నాకు నోరిచ్చింది."

"మాటిచ్చారంట కదా మాలిక్, పిల్లల్ని తెచ్చుకోమని."

"ఇచ్చాను" అన్నాడు అబూ నాసిర్. "ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాను."

అతని కళ్ళలో తడి కూడా కనిపించింది. అదే మల్లేశానికి ఒళ్ళు మండించింది. పాము చావాలి, కర్ర విరగకూడదు, పైగా పాము కోసం ఏడవాలి కూడా!

"నేను మామగారికి చెప్తాను" అన్నాడు, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం.

"చెప్పు. ఆయన నీ మెడ అడుగుతాడు. అప్పుడు ఇద్దరూ పోతారు, వాడూ నువ్వూ. వాడు పోవడం మాత్రం ఆగదు." అబూ నాసిర్ కఠినంగా అనలేదు, రేపటి నీళ్ళ వంతు చెప్పినట్టు చెప్పాడు. "ఇద్దరూ పోతే కాయ ఎవరు కోస్తారు? కాఫీ తాగు, చల్లారిపోతోంది."

బయట బండి చప్పుడైంది.

మల్లేశం చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు. తోట మధ్యదారి, కాలువ గట్టు, ముళ్ళు. పంపుగది దగ్గరికి వచ్చేసరికి బండి తిరిగింది. వెనక బల్ల మీద ఇద్దరు జవాన్ల మధ్య గాలిబ్, ఒళ్ళో చిన్న మూట. అతను మల్లేశాన్ని చూశాడు. ఉతికిన చొక్కాను చూశాడు. ఒక్కటే అడుగుతున్నాయి ఆ కళ్ళు.

"చెప్పిన!" అని అరిచాడు మల్లేశం. "చెప్పిన గాలిబ్! చెప్పిన! ఆయనకెర్కే! ఆయనకు ముందుగాలనే ఎర్కే!"

అరబీలో ఆ మాట రోజుకు పదిసార్లు అతని నోట్లో ఆడేదే. మాలిక్‌తో చెప్పాను, డ్రైవర్‌తో చెప్పాను. ఆ వేళ మాత్రం దారి పొడవునా నెమరేసిన అరబీ అంతా ఆవిరైపోయి తెలుగు ఒక్కటే మిగిలింది. బండి వెంట నడుస్తూ, పరిగెత్తుతూ, తెలుగులోనే మొత్తుకున్నాడు. గాలిబ్ కొంతసేపు విన్నాడు. తర్వాత ముఖం గుట్టల వైపు తిప్పుకున్నాడు.

*

ముసలాయన ఎవరినో పిలిపించి మంత్రించిన నీళ్ళు చల్లించాడు. దారం కోసి తగలబెట్టించాడు. అయినా అనుమానం తీరక, ఈ ఏడు పెద్దచెట్టు కాయ ముట్టొద్దన్నాడు. కాయలు పండి వాటంతట అవే రాలుతున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. మిగతా చెట్లు ఎక్కడానికి మల్లేశమే మిగిలాడు. గాలిబ్ కొడవలి అతని బెల్టులోకి వచ్చింది. పైగది తాళం కూడా మాలిక్ అతనికే ఇచ్చాడు, అక్కడ గాలి బాగా వస్తుంది, ఉండు అని. మల్లేశం ఆ తాళం మేకుకు తగిలించాడు కానీ గది తెరవలేదు.

మార్చి నెలాఖరున ఒక మధ్యాహ్నం అతను కొమ్మ మీద ఉండగా విమానాలు వెళ్ళాయి. ఉత్తరం నుంచి వచ్చి, తోట మీదుగా, గుట్టల అవతలికి. కాసేపటికి చెట్టు మాను అతని కాళ్ళ కింద సన్నగా అదిరింది. మళ్ళీ అదిరింది. అతను రెండు చేతులా కొమ్మను వాటేసుకుని, గుట్టల మీద లేచిన పొగను చూస్తూ ఉండిపోయాడు. జేబులో ఫోన్ మోగింది.

"ఏందో టీవీల చూపిస్తున్నరు, అక్కడ లడాయి అంట గద?" అంది ముత్యవ్వ. గొంతులో భయం. "నువ్వు మంచిగున్నవా?"

"మంచిగున్న."

"కోత నడుస్తున్నదా?"

"నడుస్తున్నది."

"ఎవలన్న పడ్డరా చెట్టు మీదికెళ్ళి?"

మల్లేశం కింద రాలిపడి ఉన్న పెద్దచెట్టు కాయల్ని చూశాడు.

"ఎవ్వలు పడలే."

"సూసినవా మరి!" అంది ముత్యవ్వ, ఇంత దూరానికీ ఆమె ఊపిరి తేలికపడటం వినిపించింది. "తొలికాయ పెట్టుమంటె గునిస్తివి. ఆ తల్లి ఊకెనే పోదు."

"ఆఁ" అన్నాడు మల్లేశం. ఫోన్ జేబులో పెట్టుకుని, చిక్కం అందుకుని, పై కొమ్మకు చాపాడు.